పేత్రయ్య తాత పెద్దిల్లు

పోయిన వారం కథను గేటు దగ్గర ఆపినందుకు నన్ను తిట్టనివాళ్ళు లేరు. మాకు పాలు పోసే సక్కుబాయి అయితే, "అవ్వా, గా ఇటలీ ఆమె ఏమన్నదో చెప్పకపోతె రేపటిసంది పాలల్ల నీళ్ళు కలుపుత" అంది. ఇప్పుడు కలపనట్టు.

సరే, ఎక్కడున్నాం? పెద్దల అమావాస్య, అదే పెత్తరమాస పొద్దున, హుజూరాబాద్‌లో, మా ఇంట్లో ఉన్నాం. పేత్రయ్య తాత ఫోటోకు బంతిపూల దండ వేసి, పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇవ్వడానికి అంతా సిద్ధం చేసుకున్నాం. తొంభై ఏళ్ళ కింద ఇటలీ దేశం నుంచి వచ్చి, దొరగారి గడీలో రంగురాళ్ళ గచ్చు వేసి, లచ్చవ్వను చేసుకుని, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయిన మేస్త్రి ఆయన. నా భర్తకు తాత. నా మనుమరాలు సృజన కరీంనగర్‌లో గ్రానైట్ ఆఫీసులో పని చేస్తుంది. మన గుట్టల రాయి ఓడలెక్కి ఇటలీకే పోతుంది కదా, ఆ దారినే ఉత్తరాలు నడిపి నడిపి నాలుగు నెలలకు తాత పుట్టిన ఊరు కనిపెట్టింది. కొండ మీద ఊరు, పేరు వల్పియేత్ర. అక్కడి నుంచి తెరెసీనా అనే ఆవిడ మమ్మల్ని చూడటానికి వచ్చింది. కారు దిగింది, గేటు దాటింది, గోడ మీద ఫోటో చూసింది, ఒక్క మాట అంది. తర్జుమా చేయడానికి వచ్చిన మునీర్ ముఖం ఆ మాటతో మాడిపోయింది. అక్కడ ఆపాను.

ఆమె అన్న మాట ఇది: "ఈయన మా తాత."

మునీర్ సంగతి మీకు చెప్పాలి. షార్జాలో ఒక హోటల్లో ఇటలీ వంటవాడి చేతికింద పదకొండేళ్ళు ఉల్లిగడ్డలు కోసి వచ్చిన పిల్లగాడు. ఇప్పుడు బస్టాండు దగ్గర బిర్యానీ సెంటరు పెట్టుకున్నాడు. భాష బాగానే వచ్చు కానీ అది వంటింట్లో తిట్లు తింటూ నేర్చిన భాష. అందుకని ప్రేమగా చెప్పాల్సిన మాట కూడా పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు అరిచి చెబుతాడు. ఆ అరుపే అరిచాడు.

"పెద్దమ్మా! గీ ఫోటల ఉన్నాయన మా తాత అంటున్నది! మీకు కాదు, ఆమెకు తాతట!"

నా మరిది మొండయ్య అప్పటికే కొత్త ధోవతి కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. తన భార్యనో తన కొడుకునో ఎవరో ఎత్తుకుపోయినట్టు లేచాడు.

"ఆమెకు తాతెట్లయితడు? మా తాత గీడికొచ్చినప్పుడు బ్రమ్మచారి. ఊరంత ఎరుకే. చెప్పు వదినా!"

నేను చెప్పాలి. ఎందుకంటే ఊరందరికీ ఆ మాట చెప్పింది నేనే. పెళ్ళిళ్ళలో చెప్పాను, బతుకమ్మ దగ్గర చెప్పాను, బీడీలు చుట్టే చోట చెప్పాను. మీకు కూడా ఈ సీరియల్ మొదటి వారంలో "పెళ్ళికాని పడుచువాడు ఓడ ఎక్కాడు" అని రాశాను. ఎవరి దగ్గరైనా ఆ పత్రిక ఉంటే ఆ వాక్యం మీద ఒక గీత కొట్టండి.

నేను నోరు విప్పకముందే తెరెసీనా సంచిలోంచి ఒక ఫోటో తీసింది. ఆమెకు అరవై ఐదు ఉంటాయి. పొట్టిగా, గట్టిగా, మా ఊరి నర్సరీలో మొక్కలు నాటే పోశవ్వలాగా ఉంది, తెలుపు ఒక్కటే తేడా. ఫోటోలో రాతి ఇల్లు, ఇంటి ముందు బల్ల, బల్ల మీద మీసాల మనిషి, పక్కన ముసుగు వేసుకున్న ఆడమనిషి, ఒడిలో పాప. మీసాల మనిషి మా గోడ మీది మనిషే. దండ ఒక్కటే తక్కువ.

"మీసాలు అందరికుంటయి" అన్నాడు మొండయ్య.

"చిన్నతాతా, గా ముక్కు సూడు" అంది సృజన. "అచ్చం నీ ముక్కే."

"ముక్కు గూడ అందరికుంటది."

తెరెసీనా మొండయ్య ముఖం వైపు వేలు చూపించి ఏదో అంది. మునీర్ నవ్వు ఆపుకున్నాడు.

"ఏమన్నదిరా?"

"వద్దులే కాకా."

"చెప్పురా అంటున్న."

"గింత పెద్ద ముక్కు అందరికుండదట."

ఇక అక్కడి నుంచి విషయం బయటికి రావడం మొదలైంది. తాత ఊరు వదిలే నాటికి పెళ్ళయి ఆరేళ్ళు. ఒడిలో పాపకు మూడేళ్ళు, పేరు లూచీయా. రెండేళ్ళు పని చేసి వస్తానని బొంబాయి ఓడ ఎక్కాడు. అది 1932. ఆ లూచీయా కూతురే ఈ తెరెసీనా.

మొండయ్య పీట మీద కూలబడ్డాడు. మూలకు చాప మీద కూర్చున్న అయ్యగారు మాత్రం హుషారయ్యాడు. ఆయన పొద్దుటి నుంచి గడియారం చూస్తున్నాడు. పెత్తరమాస నాడు అయ్యగారికి ఉన్నన్ని ఇళ్ళు కరెంటు మీటరు చూసేవాడికి కూడా ఉండవు.

"అంటె గీమె పెద్దింటి ఆమె. మీరు చిన్నింటోళ్ళు" అన్నాడు.

"ఏమంటివి?" మొండయ్య గొంతు పైకి లేచింది. "మేము చిన్నింటోళ్ళమా? అరవై ఏండ్లసంది తాత పేరు మీద బియ్యం ఇస్తున్నోళ్ళం మేము! ఆమె గిప్పుడు కారు దిగింది!"

"మొదటి పెండ్లామో, రెండో పెండ్లామో?"

"మొదటి..."

"ఇగేంది మరి? పెద్దింటోళ్ళు ముంగట ఉండంగ చిన్నింటోళ్ళు బియ్యం ఇస్తె నేను తీసుకునుడెట్ల? గా గుల్ల ఆమె చేతికియ్యి."

"ఆడామె ఇయ్యొచ్చునా?"

"మొగోళ్ళు రాకపోతె వచ్చినోళ్ళే పెద్ద. మొండయ్యా, నాకు శాస్త్రం గంటసేపు చెప్పవశమే గని, ముంగట ఇంక పదిహేను ఇండ్లున్నయి."

నాకు నవ్వూ వచ్చింది, పాపం అనీ అనిపించింది. నా భర్త పోయినప్పటి నుంచి తొమ్మిదేళ్ళుగా బియ్యం ఇచ్చేది మొండయ్య. ఏడాదిలో ఆయన కోడి కంటే ముందు లేచేది ఆ ఒక్క రోజే. ఇంట్లో ఆయన మాటకు అందరూ తల ఊపేది కూడా ఆ ఒక్క పూటే. బియ్యం, పప్పు, ఆనిగెపుకాయ, చింతపండు, ఎండుమిర్చి నింపిన గుల్లను, మా ఇంటి పాత బుట్టను, రెండు చేతులతో పట్టుకుని, అత్తింటికి బిడ్డను పంపినట్టు తీసుకుపోయి తెరెసీనా ఒడిలో పెట్టాడు.

"చెప్పురా మునీరూ. గిది తాతకని చెప్పు."

మునీర్ చెప్పాడు. ఆమె బియ్యం చూసింది, ఆనిగెపుకాయ చూసింది, ఏదో అడిగింది.

"ఎంతమందికి వండాలె అంటున్నది."

"వండుడు కాదురా! సచ్చినోళ్ళకు!"

మునీర్ మళ్ళీ అరిచి చెప్పాడు. ఈసారి ఆమె గుల్లను దగ్గరికి లాక్కుంది. అయ్యగారు సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. ఆమె ఇవ్వలేదు. గుల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. మునీర్ కూడా మొదటిసారి గొంతు తగ్గించాడు.

వాళ్ళ ఊళ్ళో గుడి పక్కన ఒక గోడ ఉందట. గచ్చు పనికి దేశాలు పట్టిపోయిన మేస్త్రీల పేర్లన్నీ దాని మీద చెక్కి ఉంటాయట. నవంబర్‌లో వాళ్ళకూ ఒక పెత్తరమాస ఉంది. ఆ రోజు ప్రతి ఇంటివాళ్ళూ తమ పేరు కింద దీపం పెడతారు. తాత పేరు కూడా ఉండేది. పదేళ్ళు చూశారు, పదిహేనేళ్ళు చూశారు. ఉత్తరం లేదు. చచ్చాడో బతికాడో తెలియదు. లూచీయాకు ఇరవై ఏళ్ళు వచ్చిన ఏడాది, తల్లి ఏడుస్తుంటే చూడలేక, నిచ్చెన వేసుకుని, ఉలీ సుత్తీ పట్టుకుని గోడ ఎక్కింది. తండ్రి పేరు తన చేత్తో కొట్టేసింది.

"గిప్పటికి గా జాగ ఖాళీగనే ఉన్నదట" అన్నాడు మునీర్. "వాళ్ళ అమ్మ జిందా ఉన్నది పెద్దమ్మా. తొంభై ఐదేండ్లు. సృజన ఉత్తరం చూసినంక బిడ్డకు ఒక్కటే చెప్పి పంపిందట. పోయి అడుగు. ఒక్క ఉత్తరమన్న రాసిండా? రాస్తె పేరు మళ్ళ చెక్కిస్త. రాయకపోతె నేను సచ్చినా గా గోడ అట్లనే ఉండాలె అని."

అందరూ నా వైపు చూశారు. చిన్నప్పటి నుంచీ అంతే. ఏ ఇంటి పాత సంగతి కావాలన్నా, ఎవరి బర్రె ఏ ఏడు ఈనిందో కావాలన్నా బాలవ్వను అడుగుతారు. వాళ్ళు అడగడం నాకూ ఇష్టమే. ఆ రోజు మాత్రం ఆ చూపులు నాకు ముళ్ళలాగా గుచ్చుకున్నాయి.

ఎందుకంటే నాకు తెలుసు. నలభై ఆరేళ్ళుగా తెలుసు.

తాతను నేను చూడలేదు. నేను పదమూడేళ్ళకు కోడలినై వచ్చేసరికి ఆయన పోయి ఎనిమిదేళ్ళు. లచ్చవ్వను మాత్రం చూశాను. నా భర్తకు నాయనమ్మ. నేను అమ్మ కోసం ఏడిస్తే నా తల దువ్వి, జొన్నరొట్టెలో బెల్లం పెట్టి తినిపించిన మనిషి. నాకు నాలుగో తరగతితో బడి ఆగిపోయిందని, ఊరి కథలన్నీ చెప్పి నా తల నింపిన మనిషి. మంచం పట్టిన ఏడాది, 1978లో, ఒక మధ్యాహ్నం నా చెయ్యి తన చేతిలో పెట్టించుకుని ఒక మాట చెప్పింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

చెబితే తాత పేరు గోడ ఎక్కుతుంది, లచ్చవ్వ పేరు మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే లచ్చవ్వ మంచిదిగానే ఉంటుంది, తాత ఎప్పటికీ మాట తప్పిన మనిషిగా మిగులుతాడు. అదీ పెత్తరమాస నాడు, ఇద్దరూ గోడ మీది ఫోటోల్లోంచి నన్ను చూస్తుండగా.

"నానమ్మా, నీకేమన్న ఎరుకేనా?" అంది సృజన.

ఒట్టు పెట్టించుకున్న మనిషి పోయింది. అడిగే మనిషి బతికి ఉంది, తొంభై ఐదేళ్ళది. బతికున్నవాళ్ళే ముందు అనుకున్నాను. లచ్చవ్వ ఫోటో వైపు తిరిగి, "ముసలవ్వా, నన్ను తిట్టకు" అన్నాను. తర్వాత ఇటు తిరిగాను.

"రాసిండు" అన్నాను.

మునీర్ ఒక్క ముక్కలో చెప్పేశాడు. తెరెసీనా చేతులు గుల్ల మీద బిగుసుకున్నాయి.

"మొదట్ల రాయలేదు" అన్నాను. "నిలదొక్కుకున్నంక రాద్దామనుకున్నడట. నిలదొక్కుకునేసరికి పక్కన లచ్చవ్వ ఉన్నది. గప్పుడు రాసుడు మొదలువెట్టిండు. ఏడాదికొకటి. ఇరవై నాలుగు రాసిండు. లచ్చవ్వకు ఏమీ దాయలేదు, అటు పెండ్లామున్నది, బిడ్డ ఉన్నది అని చెప్పే చేసుకున్నడు. బ్రమ్మచారి అని ఊరికి మొదలు చెప్పింది లచ్చవ్వ. ఉత్తరం రాసి, అంగడికి పోయేటప్పుడు డబ్బాల ఎయ్యమని ఆమె చేతికిచ్చేటోడు."

"ఇచ్చేటోడు... మరి?" మొండయ్య గొంతు తగ్గిపోయింది.

"ఎయ్యలే."

అయ్యగారు సంచి నోరు మూశాడు.

"ఉత్తరం పోతె జవాబొస్తది, జవాబొస్తె మనిషి పోతడు అని భయపడ్డది. చదువు రానామె. గా కాయితంల ఏమున్నదో ఆమెకేమెరుక? రమ్మని రాసిండో, వస్తున్ననని రాసిండో. ఇరవై నాలుగేండ్లు ఒక్క జవాబు రాకపోయేసరికి ఆయన, వాళ్ళు నన్ను సచ్చిండనుకున్నరు అని ఊకున్నడు."

తెరెసీనా ముఖం ఎర్రబడింది. గబగబా అడిగింది. మునీర్ గబగబా అరిచాడు. "కాల్చిందా? చించిందా? ఏం చేసింది గా ఉత్తరాలను?"

"కాల్చుడా? అక్షరమున్న కాయితం మీద కాలు పడితెనే కండ్లకద్దుకునేది. ఎట్ల కాలుస్తది?"

"మరి ఎక్కడున్నయి నానమ్మా?"

"గామె ఒళ్ళె ఉన్నయి."

అందరూ తెరెసీనా ఒళ్ళోకి చూశారు. తెరెసీనా కూడా చూసుకుంది.

ఇప్పటి పిల్లలకు తెలియదు. మా కాలంలో పాత కాగితాలు పారేసేవాళ్ళం కాదు. నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో దంచి, ఆ ముద్దను బోర్లించిన కుండ మీద మెత్తి ఎండబెట్టేవాళ్ళం. కుండ తీసేస్తే గుల్ల. రాయిలాగా గట్టిగా, దూదిలాగా తేలికగా ఉంటుంది. పురుగు పట్టదు. లచ్చవ్వ ఏడాదికి ఒక ఉత్తరం చొప్పున దాచి, తాత పోయిన తర్వాత వాటన్నిటినీ ఒకేసారి నానబెట్టింది. ఏ ఇంట్లోనూ లేనంత నునుపైన గుల్ల తయారైంది. ఇటలీకి రాసే కాగితం కదా, మంచి రకం.

మొండయ్య గుల్ల మీదికి వంగాడు.

"అంటె వదినా... గిన్నేండ్లు మేము తాతకు తాత ఉత్తరాలల్లనే బియ్యం పెట్టినమా?"

"పెట్టినరు."

"నువ్వు చూసుకుంట కూసున్నవు?"

"కూసున్న."

తెరెసీనా బియ్యం, పప్పు, కాయ అన్నీ నా కొంగులోకి వంపేసింది. ఖాళీ గుల్లను వెలుతురుకు పట్టి తిప్పింది. వేలితో కొట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏదో అడిగింది.

"గీ వాసనేంది అంటున్నది. మెంతులను ఇటలీల ఏమంటరో నాకెరుక లేదు పెద్దమ్మా, మా ఉస్తాద్ ఎన్నడు ఎయ్యలే. గడ్డి అని చెప్పిన."

"గడ్డి అంటవారా మా ముసలవ్వ గుల్లను!" అని మొండయ్య కోప్పడ్డాడు. అంతసేపూ చిన్నిల్లు అన్నందుకు వచ్చిన కోపమంతా అందులో పోసినట్టున్నాడు.

తెరెసీనా గుల్లను ఒడిలో పెట్టుకుని, తను తెచ్చిన ఫోటోను సంచిలో పెట్టేసింది. ఇక లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆమె నోటి నుంచి ఊఁ అని ఒక ముక్క వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడింది.

"లచ్చవ్వ జాగల వాళ్ళ అమ్మమ్మ ఉన్నా గిదే చేసేదట" అన్నాడు మునీర్. "కాకపోతె ఆమెకు గింత ఓపిక లేదు, సక్కగ పొయ్యిల పెట్టేదట."

నా గుండె కాస్త కుదుటపడింది. కానీ ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది.

"వాళ్ళ అమ్మ నమ్మదంటున్నది. ఉత్తరం తెమ్మంటె బుట్ట తెచ్చినవా అని తలుపు మూస్తదట. రాళ్ళు కొట్టే ఇంట్ల పుట్టినామె, కండ్లతోని చూసిందే నమ్ముతది."

అప్పుడు నేను లేచి లోపలికి పోయాను. నా పెట్టె అడుగున, పెళ్ళినాటి చీర మడతలో ఒక కాగితం ఉంది. లచ్చవ్వ రోట్లో వేయని కాగితం అదొక్కటే. దాన్ని నా చేతిలో పెట్టిన రోజు ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "అన్ని దంచిన గని గిది దంచబుద్ధి కాలే. పసిపిల్ల కాలు, బాలవ్వా. కాలు మీద రోకలెట్ల ఎయ్యాలె?"

ఒకే మడత పెట్టిన దళసరి కాగితం. పై వైపు సీసం పెన్సిల్‌తో చుట్టూ గీసిన చిన్న పాదం. పక్కన ఏదో రాత. మడత దగ్గర పెళుసుబారి ఉందని నేను ఎప్పుడూ విప్పలేదు.

తెరెసీనాకు ఇచ్చాను. ఆమె చదివింది. "లూచీయా. మూడేండ్లు" అని మునీర్ చెప్పేలోపే ఆమె గచ్చు మీద కూర్చుండిపోయింది.

వాళ్ళ ఊళ్ళో పనికి పోయే తండ్రి బిడ్డ పాదం గీసుకుని పోతాడట, పోయిన చోటి నుంచి ఆ కొలతకు బూట్లు కుట్టించి పంపడానికి. తొంభై ఐదేళ్ళ ఆ ముసలామె ఇప్పటికీ అంటుందట, అందరి బూట్లూ వచ్చాయి, నావి రాలేదు అని. కొలత కాగితం కూడా పారేసి ఉంటాడు అని.

పారేయలేదు. ఓడలో తెచ్చాడు, గడీలో దాచాడు, చచ్చేదాకా ఉంచుకున్నాడు.

మొండయ్య వంగి చూస్తున్నవాడు ఉన్నట్టుండి కేక పెట్టాడు.

"వదినా! నా కాలు గూడ గీసిండు! తాత! నాకు మూడేండ్లప్పుడు! చెప్పులు కుట్టిస్తనన్నడు!"

"చిన్నతాతా, ఇప్పుడు నువ్వు షురూ చెయ్యకు" అంది సృజన.

"అబద్ధమైతె నా నాలుక కోయుండ్రి! గడీ మెట్ల మీద నిలవెట్టి గీసిండు! చక్కిలిగిలైతె తన్నిన గూడ!"

తెరెసీనా కాగితాన్ని వెనక్కి తిప్పింది. అక్కడ ఇంకో పాదం ఉంది. గీత ఒక చోట అడ్డదిడ్డంగా పక్కకు పోయింది, పిల్లవాడు తన్నినట్టే. రెండు పాదాలలోనూ రెండో వేలూ మూడో వేలూ విడివిడిగా లేవు, కలిసి ఒకే గుండ్రం. మొండయ్య కుడికాలు ముందుకు చాపాడు. ఆ రెండు వేళ్ళూ గోరు దాకా అతుక్కునే ఉంటాయి ఆయనకు, పుట్టుకతోనే. తెరెసీనా అది చూసి తన బూటు విప్పింది, మేజోడు విప్పింది, తన కాలు తెచ్చి ఆయన కాలు పక్కన పెట్టింది.

చూడాల్సిందే కానీ చెప్పలేను. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. వేళ్ళు మాత్రం ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

"అడుగురా మునీరూ" అన్నాడు మొండయ్య ముక్కు తుడుచుకుంటూ. "వాళ్ళ అమ్మకు బూట్లు రాలేదన్నరు గద. నాకు గూడ చెప్పులు రాలే అని చెప్పు."

మునీర్ చెప్పాడు. ఆమె మొండయ్య భుజం మీద ఒక్కటి చరిచింది. అంతటితో పెద్దిల్లు చిన్నిల్లు ఒకటైపోయాయి. నా కొంగులోని బియ్యం మళ్ళీ గుల్లలో పోశాను. ఆమె ఒక పక్క, మొండయ్య ఒక పక్క పట్టుకున్నారు. అయ్యగారు తాత పేరు చదివాడు, లచ్చవ్వ పేరు చదివాడు, ఇటలీలోని మొదటి భార్య పేరు అడిగి మరియ అని అదీ చదివాడు. బియ్యం సంచిలోకి జారాయి. గుల్ల మాత్రం తెరెసీనా వదలలేదు.

"ఇప్పుడే రాయి చెక్కేటాయనకు ఫోన్ చేస్తదట" అన్నాడు మునీర్. "నవంబర్ లోపల పేరు ఎక్కాలెనట. గక్కడ ఇంక తెల్లారుతున్నది, అయినా లేపుతదట."

ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. ఈలోపల సృజన, "ముసలామెకు పంపడానికి కాగితం ఫోటో తీస్తా నానమ్మా" అని నేను వద్దు వద్దంటున్నా మడతను నెమ్మదిగా విప్పింది. చిరగలేదు. చిరిగినా బాగుండేది.

మడత లోపల మూడో పాదం ఉంది.

చిన్నది. వేళ్ళు రెండూ కలిసినది. పక్కన తాత రాత.

"మునీరన్నా, గిదేంది?" అంది సృజన.

మునీర్ కూడబలుక్కుని చదివాడు. ఈసారి అరవలేదు. "1941... భైంసా."

భైంసా! ఏటా ఎండాకాలం పత్తి సేట్ల ఇళ్ళలో గచ్చులు వేయడానికి తాత భైంసా పోయేవాడని లచ్చవ్వ చెప్పింది. నెలకని పోయి మూడు నెలలు ఉండేవాడని చెప్పింది. ఇది మాత్రం చెప్పలేదు. ఎవరి బర్రె ఏ ఏడు ఈనిందో చెప్పే బాలవ్వకు ఇది తెలియదు.

"భైంసల మనకెవరున్నరు వదినా?" అన్నాడు మొండయ్య.

సంచి భుజానికి వేసుకుని గడప దాటబోతున్న అయ్యగారు వెనక్కి వచ్చాడు. కాగితం చూశాడు. లెక్క కట్టాడు. "మొండయ్యా, సంబురపడు. పొద్దుగాల చిన్నింటోనివి. గిప్పుడు నడిపింటోనివైనవు."

తెరెసీనా ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మూడో పాదాన్ని చూస్తోంది. అవతల రాయి చెక్కేవాడు ఎత్తినట్టున్నాడు, నిద్ర గొంతుతో ఏదో అంటున్నాడు, మళ్ళీ అంటున్నాడు. ఆమె జవాబు చెప్పడం లేదు. చెక్కమనాలా, ఆగమనాలా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. నేను మొండయ్య కోసం చూశాను.

మొండయ్య పీట దగ్గర లేడు. గేటు బయట కొత్త ధోవతి పైకి ఎగగట్టి, భైంసా పోవడానికి నిర్మల్ బస్సు ఎన్ని గంటలకని దారిన పోయేవాళ్ళను అడుగుతున్నాడు.